వేలు నాలుక మీదికి పోకుండా

మా అక్క కూతురు తిరువూరుకు దగ్గర్లో ఒక గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తోంది. 2024 జూలై 1న ఇంటింటికీ పింఛన్లు పంచే పని సచివాలయం వాళ్ల మీద పడింది కదా, ఆ రోజు జరిగిన సంగతి తను నాకు ఫోన్లో చెప్పింది. పెంచిన పింఛను 4,000 రూపాయలతో పాటు మూడు నెలల బకాయి 3,000 కలిపి ఆ నెల మనిషికి 7,000 ఇవ్వాలి. అంటే పద్నాలుగు ఐదొందల నోట్లు. చీకటితోనే బయల్దేరింది. మూడో ఇల్లో నాలుగో ఇల్లో వచ్చేసరికి కొత్త నోట్లు ఒకదానికొకటి కరుచుకుపోతున్నాయి, వేలు జారిపోతోంది. అలవాటు కొద్దీ చూపుడువేలు నాలుకకు రాసుకుని లెక్కపెట్టి ఇవ్వబోతే, ఆ ఇంటి మామ్మ చెయ్యి చాపలేదు.

"ఎంగిలి చేసిన డబ్బు దేవుడి దగ్గర ఎలా పెట్టుకోనే అమ్మాయ్? వేరేవి ఉంటే ఇవ్వు" అందట.

పిల్ల మొహం చిన్నబోయింది. ఆ నోట్లు సంచిలో వేరే అరలో పెట్టేసి, కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుని, చున్నీకి తుడుచుకుని, మళ్లీ పద్నాలుగు నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. "మామయ్యా, ఇన్నాళ్లూ నేను అలా చేస్తున్నట్టు నాకే తెలీదు" అంది.

తెలియదు. నాకూ తెలియలేదు. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేశాను, అందులో సగం కాలం క్యాష్ కౌంటర్లోనే. మొదటి ఐదారేళ్లు నా వేలు రోజుకు ఎన్నిసార్లు నాలుక మీదికి వెళ్లేదో లెక్కే లేదు. ఒకరు తాగిన గ్లాసు కడగకుండా ఇంకొకరికి ఇవ్వం. బళ్లో పిల్లలు సైతం జామకాయ పంచుకోవాలంటే చొక్కా అంచు అడ్డం పెట్టి కాకెంగిలి చేసి కొరుక్కుంటారు. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకుంటాం. అదే పుస్తకంలో పేజీ తిప్పడానికి, లక్ష్మి అని మొక్కే డబ్బును లెక్కపెట్టడానికి ఉమ్మి రాస్తాం. ఇందులో ఉన్న తేడా ఆ మామ్మకు కనబడింది, మనకు కనబడలేదు. అందుకే కాగితాలతో, నోట్లతో పొట్టపోసుకునే వాళ్లందరి కోసం ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. బల్ల మీద చిన్న స్పాంజి డబ్బా ఒకటి పెట్టుకోండి. దాన్ని సరిగ్గా వాడండి. ఈ రెండో మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను.

అసలు వేలు ఎందుకు జారుతుందో ముందు తెలుసుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. అరచేతుల్లో, వేళ్ల కొసల్లో చెమట గ్రంథులు దండిగా ఉంటాయి గానీ, ఒంటి మీద మిగతా చోట్ల ఉన్నట్టు నూనె గ్రంథులు ఉండవు. అంటే వేలికొస మెత్తగా ఉండడానికి ఆ కాస్త చెమటే ఆధారం. చర్మం కొంచెం తేమగా ఉంటే మెత్తబడి కాగితానికి ఎక్కువ మేర ఆనుతుంది, పట్టు దొరుకుతుంది. ఎండిపోతే చర్మం గట్టిపడి కాగితం మీద జారుతుంది. మరీ తడిస్తే నీళ్లే మధ్యలో పొరలా నిలిచి మళ్లీ జారుతుంది. పట్టు దొరికేది ఈ రెండింటి నడుమ, చిన్న తేమ దగ్గర.

ఇక కాగితం సంగతి. అది తేమను పీల్చేస్తుంది. వంద కాగితాలు తిప్పేసరికి మీ వేలికొసలో ఉన్న కాస్త చెమటా ఆ కాగితాల్లోకి వెళ్లిపోతుంది. సంక్రాంతి ముందు చలిగాలిలో, ఏసీ గదిలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. వయసు పైబడిన కొద్దీ చెమట తగ్గుతుంది కాబట్టి ఆఫీసులో పెద్దవాళ్లే ఎక్కువగా వేలు నాకడం చూస్తుంటాం. అది మొరటుతనం కాదు, వాళ్ల ఒంటికి వచ్చిన అవసరం. సుద్దముక్క పట్టే టీచర్లకు, సిమెంటు కొట్లో బిల్లులు రాసేవాళ్లకు, రోజుకు పదిసార్లు శానిటైజర్ రాసుకునే ఆస్పత్రి సిబ్బందికి వయసుతో పనిలేకుండానే ఈ బాధ ఉంటుంది.

ఉమ్మితో వచ్చే నష్టం ఒక్క మర్యాదకే కాదు. వేలు నోట్లోంచి నోటు మీదికి వెళ్లడమే మనకు కనబడుతుంది. నోటు మీదున్నది వేలి ద్వారా నోట్లోకి రావడం కనబడదు. ఢిల్లీలోని సీఎస్‌ఐఆర్ వారి ఐజీఐబీ సంస్థ శాస్త్రవేత్తలు చిన్న వ్యాపారుల దగ్గర పది, ఇరవై, వంద నోట్లు సేకరించి పరీక్షించారు. వాటి మీద రకరకాల బ్యాక్టీరియా, బూజుల డీఎన్‌ఏ దొరికిందని, యాంటీబయాటిక్ మందులకు లొంగని గుణాన్నిచ్చే జన్యువులు సైతం ఉన్నాయని 2015లో ప్రచురించారు. నోటు మీద డీఎన్‌ఏ దొరికినంత మాత్రాన అది నాకినవాడికి జబ్బు ఖాయమని కాదు. కానీ టైఫాయిడ్, కామెర్లు, విరేచనాలు చేతి నుంచి నోటికి పాకే జబ్బులని మనందరికీ తెలిసిందే. ఆ దారిని రోజుకు రెండొందల సార్లు తెరిచి పెట్టడం ఎందుకు?

మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. తిరువూరు, గంపలగూడెం, విస్సన్నపేట చుట్టుపక్కల మిర్చి, పత్తి, మామిడి రైతులు ఎక్కువ. మిర్చి అమ్మి వచ్చిన డబ్బు కట్టలు విప్పితే ఘాటు ముక్కుకు తగులుతుంది. ఆ చేత్తోనే వేలు నాలుకకు రాసుకుని, కళ్లు నులుముకుని అవస్థ పడ్డ రోజులు నాకున్నాయి. మిర్చి ఘాటైనా గంటలో పోతుంది, పురుగుమందు అలా కాదు. పత్తికి పురుగుమందు కొట్టి, ఆ చొక్కాతోనే బ్యాంకుకు వచ్చి జేబులోంచి నోట్లు తీసే రైతును ఎన్నోసార్లు చూశాను. ఆయన తప్పేమీ లేదు, చేను దాటి వచ్చేసరికి బ్యాంకు మూసేస్తారన్న తొందర ఆయనది. ఆ నోటును నాకేది మాత్రం మనమే.

2020లో కరోనా మొదలైనప్పుడు ఈ అలవాటు గురించి కొన్నాళ్లు మాట్లాడుకున్నాం. ఉత్తరప్రదేశ్‌లోని రాయబరేలీ జిల్లాలో అయితే ఫైళ్లు తిప్పడానికి ఉమ్మి వాడొద్దని, నీళ్ల స్పాంజి పెట్టుకోమని అధికారులు ఉద్యోగులకు ఉత్తర్వే ఇచ్చారు. మాస్కులు పోయాయి, ఆ మాటా పోయింది.

సరే, ఏం కొనాలి? స్టేషనరీ కొట్లో స్పాంజ్ డ్యాంపర్ అని అడగండి. గుండ్రటి ప్లాస్టిక్ గిన్నెలో స్పాంజి ముక్క ఉంటుంది. గిన్నెకు మూత ఉన్నదే తీసుకోండి, అడుగున జారకుండా రబ్బరు ఉంటే మరీ మంచిది. తేలికపాటి గిన్నె అయితే వేలు పెట్టిన ప్రతిసారీ జరుగుతుంది, ఒకరోజు ఫైలు మీద బోర్లా పడుతుంది. కొట్లో దొరక్కపోతే పాత స్టీలు డబ్బీలో పాత్రలు తోమని కొత్త స్పాంజి ముక్క కోసి పెట్టుకోండి, పని అంతే జరుగుతుంది. స్పాంజి బదులు నీళ్లలో సగం మునిగి తిరిగే రోలర్ ఉన్న రకం ఒకటుంది. కవర్లు, తపాలా బిళ్లలు అంటించేచోట అది బాగుంటుంది, నోట్లకు మాత్రం నీళ్లు ఎక్కువ ఇస్తుంది. మైనంలా ఉండే ఫింగర్ గ్రిప్ డబ్బీలూ దొరుకుతాయి. వాటికి నీళ్లతో పనిలేదు, ఒలకదు, తిరుగుడు పని ఉన్నవాళ్లకు అనువైనది. రబ్బరు వేలి తొడుగులు మరొకటి. జపాన్ ఆఫీసుల్లో ఉంగరంలా తొడుక్కునే చిన్న రబ్బరు చుట్టలు వాడతారు, వేలికొసకు గాలి ఆడుతుంది. మన ఉక్కపోతలో వేలంతా మూసే తొడుగు గంటకే చెమటతో నానిపోతుంది కాబట్టి చిల్లులున్నది చూసుకోండి. రబ్బరు పడనివాళ్లకు దురద వస్తుంది, వాళ్లు దాని జోలికి పోవద్దు.

నా ఓటు మాత్రం స్పాంజి గిన్నెకే. చవక, అందరికీ తెలిసినది, పాడైతే స్పాంజి ఒక్కటే మార్చుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయం. మన ఆఫీసుల్లో స్పాంజి గిన్నె లేక కాదు, ఉన్నదాన్ని ఎవరూ పట్టించుకోక ఈ పరిస్థితి. చాలా బల్లల మీద అది ఎండి, గట్టిపడి, అంచులు పిండిలా రాలుతూ, గుండుసూదులు గుచ్చుకునే మెత్తలా మిగిలిపోతుంది. ఇంకొన్ని చోట్ల అటెండర్ పోసిన నీళ్లు వారాల తరబడి నిలిచి, ఆకుపచ్చ జిగురు పట్టి, వేలు పెడితే వాసన వస్తుంది. ఒకటి ఎండిపోయి, ఇంకొకటి కంపు కొట్టి, రెండూ మనిషిని మళ్లీ నాలుక దగ్గరికే పంపిస్తాయి. నేను చెప్పే పద్ధతి పెద్ద కష్టమేం కాదు. ఉదయం సీట్లో కూర్చోగానే స్పాంజిని కుళాయి కింద పెట్టి రెండుసార్లు పిండండి. తర్వాత మంచినీళ్లలో తడిపి, నీళ్లు కారడం ఆగేదాకా పిండి గిన్నెలో పెట్టండి. వేలితో నొక్కితే తడి తెలియాలి, గుంటలో నీళ్లు నిలవకూడదు. మధ్యాహ్నం భోజనం తర్వాత చెంచాడు నీళ్లు చల్లండి. సాయంత్రం వెళ్లేటప్పుడు సబ్బుతో కడిగి, గట్టిగా పిండి, గిన్నె ఖాళీ చేసి, స్పాంజిని బయట ఆరబెట్టి పోండి. రెండు స్పాంజులుంటే ఒకరోజు ఒకటి, మర్నాడు ఒకటి. ఆరేది ఎండలో అయితే మరీ మంచిది, తిరువూరులో ఎండకు కొదవ లేదు.

బోరు నీళ్లు వద్దు. మన దగ్గర చాలా బోర్ల నీళ్లు గట్టి నీళ్లు. నాలుగు రోజులు పోస్తే స్పాంజి మీద తెల్లటి ఉప్పు పొర పేరుకుని వేలికి గరుగ్గా తగులుతుంది, నోటు మీద తెల్ల మచ్చ పడుతుంది. తాగే నీళ్ల క్యాన్ నుంచి ఒక చిన్న గ్లాసు చాలు.

చాలామంది మంచి చేస్తున్నామనుకుని ఆ నీళ్లలో డెట్టాల్ వేస్తారు, శానిటైజర్ పోస్తారు. చెయ్యొద్దు. శానిటైజర్‌లోని స్పిరిట్ క్షణంలో ఆరిపోతుంది, పోతూ పోతూ చర్మంలో ఉన్న తేమనూ తీసుకుపోతుంది. రోజంతా డెట్టాల్ నీళ్లలో ముంచిన వేలికొస కొన్నాళ్లకు పగులుతుంది. చర్మం మరీ పొడిబారేవాళ్లు అరకప్పు నీళ్లలో ఎనిమిది పది చుక్కలు గ్లిజరిన్ కలుపుకోవచ్చు. గ్లిజరిన్ తేమను పట్టి ఉంచుతుంది, స్పాంజి తొందరగా ఎండదు. అంతకు మించి వేస్తే వేలు జిగురుగా మారి రెండేసి నోట్లు కలిసి వస్తాయి, సాయంత్రం లెక్క తేడా వస్తుంది.

శుక్రవారం డ్రై డే అని మన పంచాయతీ వాళ్లు, ఆరోగ్య కార్యకర్తలు చెబుతుంటారు కదా, పూలకుండీలు, కూలర్లు, కొబ్బరి చిప్పల్లో నీళ్లు పారబోయమని. ఆ జాబితాలో మీ స్పాంజి గిన్నెనూ చేర్చండి. డెంగ్యూ తెచ్చే దోమ గుడ్డు పెట్టడానికి చెరువు అక్కర్లేదు, సీసా మూతలో నిలిచిన నీళ్లు చాలు. గుడ్డు నుంచి దోమ ఎగరడానికి వారం పది రోజులు పడుతుంది. శనాదివారాలు, ఆ పైన పండగ సెలవు కలిసొచ్చినప్పుడు బల్ల మీద నీళ్లతో వదిలేసి వెళ్లిన గిన్నె ఆఫీసులో దోమలు గుడ్లు పెట్టే తొట్టి. సెలవుకు ముందురోజు దాన్ని బోర్లించి వెళ్లండి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. స్పాంజి మందు కాదు. పొద్దున్నుంచీ నోట్లు పట్టిన వేలే దాంట్లో పెడుతున్నాం కాబట్టి మధ్యాహ్నానికి స్పాంజి కూడా ఆ నోట్లంతే మురికి. అది చేసే మేలు ఒకటే, వేలిని నోటికి దూరంగా ఉంచడం. స్పాంజి వాడుతూనే మధ్యలో ఒక్కసారి వేలు నాకితే ఆ మురికంతా ఒక్కసారే లోపలికి పోతుంది. అందుకే అన్నానికి ముందు, టీకి ముందు సబ్బుతో చెయ్యి కడుక్కోవాలి. కౌంటర్‌కొక గిన్నె ఉండాలి, నలుగురికి ఒకటి కాదు.

నోట్ల లెక్క విషయానికి వస్తే, బ్యాంకులో చేరిన కొత్తవాళ్లకు నేను చూపించిన పద్ధతి ఇది. కట్టను ముందు అటూ ఇటూ వంచి, బొటనవేలితో అంచు మీద చర్రున లాగండి. మధ్యలో గాలి చేరి కరుచుకున్న నోట్లు విడిపోతాయి. సగం పట్టు ఇక్కడే దొరుకుతుంది, నీళ్ల అవసరం సగానికి తగ్గుతుంది. తర్వాత కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు కొసలు మాత్రమే స్పాంజికి ఆనించండి. గుచ్చొద్దు, ముంచొద్దు, కుంకుమ అద్దుకున్నట్టు అద్దాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు పాతిక నోట్లకు ఒకసారి అద్దితే చాలు. చెయ్యి తిరిగాక వంద నోట్ల కట్టకు రెండుసార్లే సరిపోతుంది. మా ఊళ్లో పాత కాలపు షావుకార్లు ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టి రెండు, మూడు అనేవారు. అలా పైకి అంటూ లెక్కపెట్టినవాడికి మధ్యలో లెక్క తప్పదు, నోట్లకైనా అంతే. పెదాలు కదులుతుంటే వేలు నాలుక మీదికి పోవడమూ తగ్గుతుంది. ఇది నేను నా మీదే చూసుకున్నాను.

నోటు మన రాతకాగితంలాంటిది కాదు, పత్తి పీచుతో చేసినది. కాస్త తడికి చిరగదు. అలాగని తడి నోట్లు కట్టగట్టకూడదు. తడిసిన కట్ట లాకర్లో బూజు పడుతుంది, లెక్కపెట్టే మిషన్లో పెడితే రెండు నోట్లు కలిసి లోపలికి పోయి మిషన్ ఆగిపోతుంది. మిషన్‌కు పెట్టబోయే నోట్లను తడి వేలితో ముట్టుకోవద్దు, గాలి పట్టించి పొడిగా పెట్టండి. మిషన్లు వచ్చాయి కదా ఇంకా ఈ వేళ్ల గొడవెందుకు అనేవాళ్లున్నారు. మిషన్ తిరస్కరించిన నోటును చివరికి చూసేది, చిరుగు అతికించిందీ లేనిదీ తేల్చేది మనిషి వేలే.

2016 నవంబర్ 8 రాత్రి పెద్దనోట్ల రద్దు ప్రకటన వచ్చేనాటికి నేను ఇంకా కౌంటర్లోనే పనిచేస్తున్నాను. పదో తేదీ ఉదయం బ్యాంకు తలుపులు తెరిచేసరికి వరస రోడ్డు దాకా ఉంది. ఆ వారాల్లో స్పాంజి తడుపుకోవడానికి కుర్చీలోంచి లేచే వీలు ఉండేది కాదు. పాత అలవాటు మళ్లీ వచ్చేసింది. మూడో వారంలో నాకు జ్వరం, వాంతులు. అది నోట్ల వల్లే అని నేను చెప్పను. కానీ ఆ మంచంలో పడుకుని ఒకటి నిర్ణయించుకున్నాను. తర్వాత రిటైరయ్యేదాకా నా డ్రాయర్లో మూత బిగించిన చిన్న సీసాతో నీళ్లు ఎప్పుడూ ఉండేవి, లేవకుండానే స్పాంజి తడుపుకోవచ్చని. రద్దీ ఎక్కువున్న ప్రతి కౌంటర్‌లోనూ ఆ సీసా పెట్టుకోండి.

పాత ఉద్యోగులకు పిన్నుల కాలం గుర్తుండే ఉంటుంది. నోట్ల కట్టలకు ఇనప పిన్నులు కొట్టేవారు. విప్పేటప్పుడు గోరు కింద గుచ్చుకుని రక్తం వచ్చేది, ఆ వేలే నోట్లో పెట్టుకునేవాళ్లం. క్లీన్ నోట్ పాలసీ కింద రిజర్వ్ బ్యాంకు 2001లో పిన్నులు మానేసి కాగితపు పట్టీలు వెయ్యమని చెప్పాక ఆ బాధ తప్పింది. ఒక చిన్న మార్పు వేల వేళ్లను కాపాడింది.

తడి వేలు తగలకూడనివి కొన్ని ఉన్నాయి. ఇంక్‌జెట్ ప్రింటర్లో తీసిన సర్టిఫికెట్ల మీద నీళ్లు పడితే అక్షరం అలుక్కుపోవచ్చు. మీ సేవలోనో, జిరాక్స్ కొట్లోనో తీసిన లేజర్ ప్రింటు అయితే భయం లేదు, కానీ చూసి ఏది ఏదో చెప్పడం అందరికీ రాదు కాబట్టి రెంటినీ పొడి చేత్తోనే పట్టండి. ఫౌంటెన్ పెన్ను సంతకాలు, స్టాంపు ప్యాడ్ ముద్రలు, వేలిముద్రలు పడ్డ పేజీలు, పరీక్షల ఓఎంఆర్ పత్రాలు, కోర్టులో ఎగ్జిబిట్ నంబరు పడ్డ కాగితాలు, ఇవన్నీ అంచు పట్టుకుని తిప్పాల్సినవే. తహసీల్దార్ ఆఫీసులో పాత అడంగళ్లు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో పాత దస్తావేజుల సంపుటాలు ముట్టుకునేవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ఏళ్ల తరబడి ఉమ్మి తడి తగిలిన ఆ పేజీల కింది మూలలు నల్లబడి, పెళుసెక్కి, చివరికి రాలిపోతాయి. ఒక్కోసారి ఆ రాలిన మూలలోనే ఒక రైతు సర్వే నంబరు ఉంటుంది. పాత పేజీని పై మూల దగ్గర, పొడి వేలితో, అట్టముక్క లాంటిది అడ్డం దూర్చి నెమ్మదిగా తిప్పాలి. స్పాంజి గిన్నెను ఆ గదిలోకే తీసుకుపోవద్దు.

జిరాక్స్ కాగితాలు రెండేసి అంటుకుని రావడానికి కారణం తేమ లేకపోవడమే కాదు, మిషన్లో పుట్టిన విద్యుత్ ఆవేశం. వేలు తడిపినా అవి విడవు. కట్టను విసనకర్రలా విప్పి గాలి పట్టించండి.

పింఛన్ల పనిలో ఉన్న మా మేనకోడలు లాంటి వాళ్లకు ఈ తడి ఇంకోచోట పనికొస్తుంది. కూలిపని చేసిచేసి వేలిగీతలు అరిగిపోయిన పెద్దవాళ్ల వేలిముద్రలు మిషన్ మీద పడవు. నాలుగుసార్లు పెట్టించి, వేలు తుడిపించి, అరగంట కూర్చోబెడతారు. చాలాసార్లు అక్కడ అడ్డం పొడిబారిన చర్మమే. శుభ్రమైన తడిగుడ్డతో ఆ వేలు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తి, అప్పుడు పెట్టించండి. వేలు మెత్తబడి గీతలు పడే అవకాశం పెరుగుతుంది. నీళ్లు కారేలా పెడితే మిషన్ మసకగా చూస్తుంది, పాడవుతుంది కూడా. నోట్లు లెక్కపెట్టిన స్పాంజిలో మాత్రం ఆ అవ్వ వేలు పెట్టించకండి.

బజారు వీధిలో ఉన్నవాళ్లకు రెండు మాటలు. కిరాణా కొట్లో, టిఫిన్ సెంటర్లో, మందుల షాపులో ప్లాస్టిక్ కవరు నోరు తెరవడానికి వేలు నాకడం, నోటితో ఊదడం చూస్తూనే ఉంటాం. ఆ కవర్లోకి ఇడ్లీ వెళ్తుంది, చంటిపిల్ల మందు వెళ్తుంది. రోజుకు అలా ఎన్ని కవర్లు తెరుస్తామో ఒక్కసారి లెక్కేసుకోండి. కవర్ల కట్ట పక్కనే చిన్న స్పాంజి డబ్బీ పెట్టుకోండి. డబ్బులు తీసుకునే మనిషి వేరు, కవరు తెరిచే మనిషి వేరు అయితే ఇంకా బాగు. కొనేవాళ్లు నోరు తెరిచి ఏమీ అనరు, పక్క కొట్టుకు వెళ్తారు.

అన్నిటికన్నా కష్టమైనది, పైఅధికారి నాకుతుంటే ఏం చెయ్యాలనేది. ఫైలు మీ చేతికి వచ్చేసరికి మూలలు తడిగా ఉంటాయి. చెప్పలేరు, ఊరుకోలేరు. నేను క్యాష్‌లో ఉన్న రోజుల్లో మాకొక మేనేజరు ఉండేవారు, పని విషయంలో నిజాయితీ మనిషి. ఆయన రోజూ సాయంత్రం వోచర్లు వేలు నాకుతూ తిప్పేవారు. మా హెడ్ క్యాషియర్ గారు ఒకరోజు మూత ఉన్న కొత్త గిన్నె కొనుక్కొచ్చి, తడిపి పిండి, ఆయన కుడిచేతి వైపు పెట్టి, "సార్, మీ చర్మం బాగా పొడిబారినట్టుంది, మా కౌంటర్లో ఇది బాగా పనికొస్తోంది" అని చెప్పి వచ్చేశారు. ఇంకో మాట అనలేదు. మర్నాడు ఉదయం హెడ్ క్యాషియర్ గారే మళ్లీ వెళ్లి నీళ్లు మార్చి వచ్చారు. వారం తర్వాత మేనేజరు గారే అటెండర్‌ను పిలిచి స్పాంజి తడపమని చెప్పడం నేను విన్నాను. చెప్పే పద్ధతి తెలియకపోతే గిన్నె కొనిపెట్టండి. నీళ్లు మాత్రం మొదటి వారం మీరే మార్చండి. ఎండిపోయిన గిన్నెను ఎవరూ రెండోసారి ముట్టుకోరు.

గిన్నె పెట్టే చోటు గురించి కూడా ఆలోచించాలి. కుడిచేతి వాటం వాళ్లకు కుడివైపు, మోచేతికి తగలనంత దూరంలో పెట్టాలి. కీబోర్డుకు, స్టాంపు ప్యాడ్‌కు పక్కన వద్దు. టేబుల్ ఫ్యాను ఎదురుగా పెడితే గంటలో ఎండుతుంది. కింద చిన్న ప్లేటు పెడితే చుక్క పడినా ఫైలు తడవదు. స్పాంజి చిరిగిపోతున్నా, కడిగినా వాసన వస్తున్నా ఆ రోజే మార్చేయండి. దానికి ఇండెంటు పెట్టి సంతకాల కోసం ఎదురుచూడాల్సినంత ఖర్చేం కాదు.

మా మేనకోడలి పింఛన్ సంచిలో ఇప్పుడు మూడు వస్తువులు అదనంగా ఉంటాయి. మూత గట్టిగా పట్టే చిన్న స్టీలు డబ్బీలో ఆ ఉదయమే పిండి పెట్టుకున్న స్పాంజి, వేలిముద్రల కోసం ప్లాస్టిక్ కవర్లో మడిచిన తడిగుడ్డ, పొడి చేతిరుమాలు. తన వాటాకు యాభై మంది పింఛనుదారులు అనుకుంటే రెండు లక్షలు, అంటే ఐదొందల నోట్లు నాలుగొందలు. ఒక్కొక్కరికి ఎనిమిదేసి. ముందురోజు రాత్రే వాటిని ఎనిమిదేసి చొప్పున అడ్డంగా నిలువుగా మార్చి పేర్చుకుంటుంది, పొద్దున గుమ్మంలో లెక్క తేలిగ్గా ఉంటుందని. ఆ మామ్మ ఇంటికి వెళ్లినప్పుడు డబ్బీ మూత తీసి, వేళ్లు స్పాంజికి అద్ది, ఆమె చూస్తుండగానే ఎనిమిదీ లెక్కపెట్టి ఇస్తుంది. మామ్మ మళ్లీ తనూ ఒకసారి లెక్కపెట్టుకుని లోపలికి తీసుకుపోతుందట.